నాలుగింటికి నిండు బాటిల్

మా ఉపాధ్యాయుల వాట్సాప్ గ్రూపులో మొన్న సోమవారం పొద్దున ఆమె పోయిందని ఎవరో పెట్టారు. పాస్‌పోర్టు సైజు ఫొటో, దాని కింద ఒక పువ్వు బొమ్మ. ఆ కింద చేతులు జోడించిన బొమ్మలు వరుసగా ముప్పై దాకా వచ్చాయి. నేనూ ఒకటి పెట్టాను. ఆ బొమ్మలు ఇంకా పడుతుండగానే పైనుంచి వచ్చిన లింకు ఒకటి ఎవరో పంపారు. కౌమార దశ పిల్లల ఆరోగ్యపు అలవాట్ల మీద ఆన్‌లైన్ పాఠాలట. పిల్లలందరి చేతా సాయంత్రంలోగా పూర్తి చేయించాలట. చేయించని బడుల పేర్లు మర్నాడు గ్రూపులో పెడతారట. ఇక ఆ లింకు అందిందని చెప్పడానికి బొటనవేలి బొమ్మలు మొదలయ్యాయి. ఆమె ఫొటో పైకి జరిగి జరిగి కనబడకుండా పోయింది. నాకు ఒళ్లు మండింది. మండి ఏం చేశాను? నేనూ ఒక బొటనవేలు పెట్టాను.

ఆమె నర్సమ్మ. కారంపూడి దగ్గర ఒక ఊళ్లో, నేను లెక్కలు చెప్పిన సర్కారు హైస్కూలుకి వారం వారం వచ్చే ప్రభుత్వ నర్సు. ఆమెకొక పేరుందని హాజరు పట్టీలకు తప్ప ఊళ్లో ఎవరికీ తెలియదు. ముసలివాళ్ల నుంచి పసివాళ్ల దాకా అందరికీ నర్సమ్మే.

బడికి ఆమె వచ్చే రోజు గురువారం. ఆ రోజు పిల్లలకి ఐరన్ మాత్ర వెయ్యాలి. చీర కుచ్చిళ్లు బెత్తెడు పైకి దోపుకుని, విరిగిన కళ్లజోడు కాడకి గాయాలకు కట్టే గుడ్డ చుట్టుకుని, మధ్యాహ్నం అన్నాలయ్యే వేళకి ఆటో దిగేది. మాత్ర చేతికిచ్చి నమ్మే మనిషి కాదు. తన కళ్ల ముందే మింగాలి, నోరు తెరవాలి, నాలుక పైకెత్తి చూపించాలి.

“నాలిక కింద దాచి గోడవతల ఉమ్మేసే రకాలు మీరు. నాకు తెలవదనుకున్నారా? చిన్నప్పుడు నేనూ ఆ రకాన్నే” అనేది.

అలా నోళ్లు చూస్తూ చూస్తూ ఆమె ఇంకొకటి కనిపెట్టింది. మాత్ర మింగడానికి మగపిల్లలు బాటిలెత్తి గటగటా తాగుతారు. ఆడపిల్లలు ఒక్క గుక్కతో సరిపెడతారు. ఆ ఒక్క గుక్కా మాత్ర దిగడానికే. ఎండ నెత్తిన మండుతున్నా, నాలుక పిడచగట్టుకుపోతున్నా, రెండో గుక్క తాగరు. పదకొండు మంది టీచర్లం ఏళ్ల తరబడి ఆ పిల్లల ఎదుట నిలబడ్డాం. మాలో ఒక్కరికీ అది కనబడలేదు.

అది కనిపెట్టిన రోజు సాయంత్రం నాలుగింటికి లాంగ్ బెల్లు కొట్టాక ఆమె గేటు దగ్గర నిలబడింది. బయటికి పోయే ఒక్కో ఆడపిల్లనీ ఆపి, బ్యాగు పక్క జేబులో ఉన్న బాటిల్‌ని మెడ దగ్గర రెండు వేళ్లతో పట్టుకుని పైకెత్తింది.

“బరువుందే” అంది. ఇంకో పిల్లది ఎత్తింది. “ఇదీ బరువుందే.”

పిల్లలు ఒకళ్ల మొహాలు ఒకళ్లు చూసుకుని నవ్వారు.

“పొద్దున ఇంటికాడ నింపిన నీళ్లు మళ్లా ఇంటికే మోసుకుపోతన్నారా? ఇదేం కావడే మీకు?” అంది. పిల్లల నవ్వు ఆగిపోయింది.

అప్పటి నుంచి ప్రతి గురువారం నాలుగింటికి ఆమె చెయ్యి బాటిళ్ల మీదే ఉండేది. త్రాసు అక్కర్లేదు, ఎంత తాగారో రెండు వేళ్లతో చెప్పేసేది. నాకది కాలక్షేపంలా కనబడేది. ఒకరోజు నవ్వుతూ అడిగాను కూడా, ఏందమ్మా ఈ తూకం అని. ఆమె నవ్వలేదు.

“మాస్టారూ, మీ బడిలో ఆడపిల్లలు దొడ్డికి ఎక్కడికి పోతారు?”

నేను వెనక వరండా చివర చూపించాను. రెండు గదులు, కొత్తగా పలకలు వేయించినవి, తలుపు మీద ఆడపిల్ల బొమ్మ.

“పోయి తలుపు తీసి చూపియ్యి” అంది.

తలుపుకి తాళంకప్ప వేలాడుతోంది. తాళంచెవి హెడ్మాస్టరు గదిలో, ఆయన కుర్చీ వెనక మేకుకి ఉంటుంది. ఆ సంగతి నాకు తెలుసు. ఎందుకుంటుందో కూడా తెలుసు. రోజూ పొద్దున ఆ గదుల్ని శుభ్రంగా కడిగించి, ఫొటో తీసి పైకి పంపాలి. ఫొటోలో చిన్న మరక కనబడినా మెమో వస్తుంది. పిల్లలు వాడితే మరక పడుతుంది. అందుకని కడిగించి, ఫొటో తీసి, తాళం వేసేవాళ్లు. మర్నాడు తీసి, దుమ్ము దులిపి, మళ్లీ ఫొటో. పైన పటారం, లోన లొటారం అంటారే, ఇక్కడ లోన కూడా పటారమే. మనుషులకే లోపలికి ప్రవేశం లేదు.

ఎవరికైనా మరీ అవసరమైతే హెడ్మాస్టరు గదికెళ్లి తాళంచెవి అడగొచ్చు. ఆ గదిలో ఎప్పుడూ నలుగురు మగ టీచర్లం కూర్చుని ఉంటాం. పద్నాలుగేళ్ల పిల్ల నలుగురు మగాళ్ల ముందు నిలబడి ఆ తాళంచెవి అడగాలి. నేనున్న కాలంలో ఒక్కళ్లూ వచ్చి అడగలేదు. అడగడం లేదు కాబట్టి అవసరం లేదని మేం అనుకున్నాం. అంతకు ముందు మధ్యాహ్నం పూట నలుగురైదుగురు కలిసి బడి వెనక పత్తిచేను గట్టు దాకా వెళ్లొచ్చేవాళ్లట. ఆ రైతు కంచె వేసుకున్నాక అదీ పోయింది. పిల్లలు తమకు తెలిసిన ఉపాయం చేశారు. నీళ్లు మానేశారు.

మా హెడ్మాస్టరు చెడ్డవాడు కాదు. చెడ్డవాడైతే తిట్టుకుని ఊరుకోవచ్చు. పరీక్షల ముందు వెనకబడిన పిల్లల్ని ఇంటికి పిలిచి ఉత్తపుణ్యానికి చదివించేవాడు. నర్సమ్మ తాళం సంగతి అడిగితే మాత్రం, “ఫొటో బాగా లేకపోతే మెమో నాకొస్తదమ్మా, నీక్కాదు” అన్నాడు.

“రోగమొస్తే ఎవరికొస్తది సారూ?” అంది ఆమె.

ఆయన టీ తెప్పిస్తానన్నాడు. ఆమె వద్దంది. మా బడిలో ఆమె ఎన్నడూ టీ తాగలేదు, మంచినీళ్లు కూడా ముట్టలేదు. “ఇంటికి పోయి తాగుతాలే. ముప్పై ఏళ్ల బట్టి డ్యూటీలో గొంతు తడుపుకోని మనిషిని, నాకు కొత్త అలవాట్లు చెయ్యమాకండి” అనేది. అది పట్టింపనుకున్నాం మేం. ఆమె వెళ్లాక దాని మీద నవ్వుకున్నాం కూడా.

ఆ యేడే మా బడికి ఆన్‌లైన్ ఆరోగ్య పాఠాలు వచ్చాయి. కంప్యూటరు నాకు కాస్త వచ్చు కాబట్టి ఆ బాధ్యత నా నెత్తిన పడింది. వారానికొక వీడియో. తెర మీద చక్కటి అమ్మాయి వచ్చి, నవ్వుతూ, పళ్లు తినమనేది, ఆటలాడమనేది, ఫోను తక్కువ చూడమనేది. చివర ఐదు ప్రశ్నలు. పిల్లలు సరైన జవాబు నొక్కితే టపాకాయలు పేలిన బొమ్మ. రోజుకి ఎన్ని గ్లాసుల నీళ్లు తాగాలి? మా ఆడపిల్లలంతా ఎనిమిది అని నొక్కేవాళ్లు. నూటికి నూరు. మా బడికి ప్రశంసాపత్రం వస్తే హెడ్మాస్టరు ఫ్రేము కట్టించి, ఆ తాళంచెవి మేకు పక్కనే తగిలించాడు. నేను కల్పించి చెప్పడం లేదు, పక్కపక్కనే.

నర్సమ్మకి ఆ వీడియోల మీద కోపమేమీ లేదు. నెలసరి గురించిన పాఠం వచ్చిన రోజు వెనక బెంచీలో కూర్చుని చూసి, మళ్లీ వెయ్యమంది, ఇంకోసారి వెయ్యమంది. “ఈ మాటలు పిల్లల ముందర చెప్పడానికి నాకు ఇరవయ్యేళ్లు నోరు పెగల్లా. ఆ పిల్ల రెండు నిమిషాల్లో చెప్పింది. మంచిదేనయ్యా” అంది. బెంచీలోంచి లేస్తూ, “చెప్పడం మంచిదే. చెప్పి పోతేనే తంటా” అంది.

తరువాత ఒక గురువారం జిల్లాలో చాలా బళ్లను కలిపి లైవ్ పెట్టారు. పట్నంలో కూర్చున్న నిపుణురాలు ఒకావిడ తెర మీద మాట్లాడుతుంది. కొన్ని బళ్ల పిల్లలు తమ ఆరోగ్యపు అలవాట్లు చెప్పాలి. మా బడి పేరూ ఉంది. తొమ్మిదో తరగతి శిరీష చేత వారం రోజులుగా బట్టీ పట్టించాం. ఆ పిల్ల గొంతు బాగుంటుంది. ఆ రోజు మొహం వాడిపోయి ఉంది. ఒంట్లో బాగా లేదని పక్క పిల్ల చెప్పబోతే, ఐదు నిమిషాల పనేగా, అయ్యాక ఇంటికి పంపిద్దామన్నాను. ఆ మాట అన్నది నేనే.

మా వంతు వచ్చింది. శిరీష మైకు పట్టుకుని, “నేను రోజుకి ఎనిమిది గ్లాసుల నీళ్లు తాగుతాను. అందువల్ల నేను ఉత్సాహంగా ఉంటాను” అని ఒప్పజెప్పింది. చెబుతూ రెండో చేత్తో బల్లని గట్టిగా పట్టుకుంది. తెర మీద ఆవిడ చప్పట్లు కొట్టింది.

వెనకనుంచి నర్సమ్మ లేచి వచ్చింది. నింపాదిగానే వచ్చింది. శిరీష నుదుటి మీద చెయ్యి పెట్టి చూసి, మైకు తన చేతిలోకి తీసుకుంది.

“అమ్మా, మీరు చెప్పింది బాగుంది. ఎనిమిది గ్లాసులు తాగితే ఎక్కడికి పోవాల్నో అది కూడా చెప్పండి. ఇక్కడ దొడ్డికి తాళమేసి పెట్టారు, మీకు ఫొటో పంపడానికి. ఈ పిల్ల పొద్దున్నించి” అనేసరికి హెడ్మాస్టరు కంప్యూటరు దగ్గరున్న నా వైపు తిరిగి, మ్యూట్ నొక్కమన్నట్టు వేలితో సైగ చేశాడు.

నేను నొక్కాను.

ఎందుకు నొక్కావని నన్ను ఎవరూ అడగలేదు. ఆ ప్రశ్న నేనే చాలాసార్లు వేసుకున్నాను. భయమని చెప్పుకోవడానికి కూడా వీల్లేదు, భయపడేంత వ్యవధి ఎక్కడిది? పైనున్నవాడు వేలు ఆడిస్తే కిందివాడి వేలు దానంతటదే కదులుతుంది. ఇన్నేళ్ల ఉద్యోగంలో నేను నేర్చుకున్న విద్య అదే.

గదిలో ఆమె మాట్లాడుతూనే ఉంది. తెర మీద ఆవిడ చెవి దగ్గర చెయ్యి పెట్టి, “మీ మాట వినిపించడం లేదండీ. నెట్ సమస్య అనుకుంటాను. తర్వాతి పాఠశాలకి వెళ్దాం” అంది. ఇంకో బడి పిల్లలు కనబడ్డారు. వాళ్లూ ఎనిమిది గ్లాసులే చెప్పారు.

నర్సమ్మ తెర వైపు చూసింది, తర్వాత నా చేతి వైపు చూసింది.

“నువ్వా మాస్టారూ నొక్కింది?”

నేను ఆ చెయ్యి బల్ల కిందికి దించుకున్నాను.

“సరేలే. పిల్లలు విన్నారుగా” అంది.

మైకు బల్ల మీద పెట్టి, హెడ్మాస్టరు గదిలోకి వెళ్లి, మేకుకున్న తాళంచెవి తీసుకుని, శిరీషని నడిపించుకుపోయింది. మేమంతా వరండాలో నిలబడ్డాం. తలుపు తెరుచుకుంది. లోపల బకెట్టు తళతళలాడుతోంది. మగ్గుకి అంటించిన ధర చీటీ ఇంకా అలాగే ఉంది. దాన్ని కొన్నది ఆ యేడు మొదట్లో.

శిరీషకి అప్పటికి రెండు రోజులుగా చలిజ్వరం, నడుం నొప్పి. నర్సమ్మే ఆటో మాట్లాడి కారంపూడి తీసుకెళ్లింది. అక్కణ్నుంచి నరసరావుపేట పంపారు. మూత్రంలో మొదలైన ఇన్ఫెక్షను కిడ్నీ దాకా పోయిందన్నారు. పది రోజులు ఆసుపత్రిలో ఉంది. ఆ తర్వాత బడికి రాలేదు.

ఒక గురువారం మాత్రలయ్యాక నర్సమ్మ నా క్లాసు బయట నిలబడి, “శిరీష ఇంటికి పోతన్నా. నొక్కిన చెయ్యి నీదేగా, నువ్వూ రా” అంది. వెళ్లాను.

వాళ్ల నాన్న కల్లంలో మిరపకాయలు ఆరబోస్తున్నాడు. మమ్మల్ని చూసి లేచాడు గానీ కూర్చోమనలేదు.

“నా బిడ్డ చేలో పనికొస్తే కడుపు నిండా నీళ్లు తాగద్ది, గట్టవతలికి పోయొస్తది. మీ బడికొస్తే రోగమొచ్చింది. ఏది మేలో నువ్వే చెప్పు నర్సమ్మా” అన్నాడు.

శిరీష గుడిసె వాకిట్లో నిలబడి మా వైపే చూస్తోంది. ఇక బడా, చేనా అన్నది మేం చెప్పే మాటను బట్టే ఉంది. నర్సమ్మ సంచీ తెరిచి ఇనప తాళంకప్ప ఒకటి తీసి అతని చేతిలో పెట్టింది. అది మా బడిదే.

“లైవ్ రోజునే పట్టుకొచ్చా. కావాలంటే కాగితం రాసిచ్చి తీసుకుపొమ్మని మీ హెడ్మాస్టరుకి చెప్పా. ‘ఆడపిల్లల దొడ్డికి తాళం వెయ్యడానికి కావలెను’ అని రాసి సంతకం పెడితే ఇస్తా. ఇంతవరకు ఎవరూ రాలా” అంది.

నిజమే, ఎవరూ వెళ్లలేదు. తాళం వెయ్యడానికి అందరూ సిద్ధమే, వేస్తున్నానని రాసివ్వడానికి మాత్రం ఎవరూ లేరు. ఆ నెలంతా మా బడిలో తలుపులు తీసే ఉన్నాయి. ఫొటోల్లో మరకలు పడ్డాయి. మెమో ఒకటి వచ్చింది కూడా. ఆకాశమేమీ విరిగి పడలేదు.

అతను ఆ కప్పని చేతిలో అటూ ఇటూ తిప్పి చూసి, నర్సమ్మని కాకుండా నన్ను అడిగాడు. “మళ్లా పడదు గదా సార్?”

“పడదు” అన్నాను.

శిరీష సోమవారం నుంచి బడికొచ్చింది. ఆ గురువారం నాలుగింటికి నర్సమ్మ దాని బాటిలెత్తి, “తేలిగ్గా ఉందే” అంది. ఆమె మెచ్చుకోలు అంతకు మించి ఉండేది కాదు. ఆ మాట కోసం పిల్లలు గేటు దగ్గర పోటీలు పడేవాళ్లు. ఒకరిద్దరు గడుగ్గాయిలు దారిలో నీళ్లు పారబోసి చూపించబోతే, “పెదాలు ఎండిపోయున్నయ్, నాకు చెప్తన్నావా” అని చెవి మెలేసింది.

వేసవి సెలవులయ్యేసరికి ఆమెను మాచర్ల అవతల ఏదో ఊరికి మార్చారు. ఎవరు చెప్పారో, ఎవరు రాశారో తెలియదు. తిలాపాపం తలా పిడికెడు. బడి తెరిచిన వారానికి వెనక వరండాలో కొత్త తాళం వేలాడింది, ఇత్తడిది. నేను చూశాను. చూసి క్లాసులోకి వెళ్లాను. ఆ రోజు నుంచి శిరీష బాటిల్ తేవడమే మానేసింది. నా ముందు నుంచే ఖాళీ బ్యాగు జేబుతో వెళ్లేది. వాళ్ల నాన్నకి చెప్పిందో లేదో నాకు తెలియదు. పది పాసైంది. అందులో మా గొప్పతనం రవ్వంత కూడా లేదు. మరుసటి యేడు నేను బదిలీ పెట్టుకుని నరసరావుపేట దగ్గరికి వచ్చేశాను.

సోమవారం మధ్యాహ్నం ఆమెతో పనిచేసిన ఒకామెకి ఫోను చేశాను. రెండేళ్లుగా డయాలిసిస్ మీద ఉందట. కిడ్నీలు పోయాయట. షుగరు వల్ల అన్నారట డాక్టర్లు. కావచ్చు, నేను డాక్టర్ని కాను. నాకు మాత్రం ఆమె వద్దన్న టీ గ్లాసు కళ్ల ముందు కదిలింది. ముప్పై ఏళ్లు ఊరూరూ తిరిగి అందరి ఒళ్లూ చూసిన మనిషికి ఏ ఊళ్లోనూ దొడ్డికి పోయేందుకు ఒక చోటు లేదు. పట్టింపని నవ్వుకున్నామే, ఆ నవ్విన నోళ్లతోనే ఇప్పుడు ఆత్మశాంతి.

ఆ సాయంత్రం మా అమ్మాయి బడినుంచి వచ్చింది. తొమ్మిదో తరగతి. పేరున్న ప్రైవేటు బడి, నల్లరాతి మెట్లు, అద్దాల తలుపులు. బ్యాగు సోఫాలో పడేస్తే దబ్బున చప్పుడైంది. ఎన్నేళ్లుగానో వింటున్న చప్పుడే. ఎప్పుడూ లేనిది లేచి వెళ్లి, పక్క జేబులో ఉన్న బాటిల్‌ని మెడ దగ్గర రెండు వేళ్లతో పట్టుకుని ఎత్తాను.

బరువుగా ఉంది.

“నీళ్లు తాగలేదేమ్మా?”

“తాగితే బాత్రూంకి పోవాలిగా నాన్నా.”

“మీ బళ్లో ఉన్నాయిగా?”

“ఉన్నయ్. క్లాసులో అడిగితే సార్ పంపరు. ఇంటికాడే చూసుకుని రావాలంటారు. ఇంటర్వెల్లో పోదామంటే ఇంత లైను.” చెబుతూనే ఫోను తీసుకుంది. “ఉండు, హెల్త్ క్విజ్ ఉంది, ఈ రోజే లాస్ట్.”

పక్కన కూర్చుని చూశాను. మూడో ప్రశ్నకి ఎనిమిది అని నొక్కింది. టపాకాయలు పేలాయి.

“మీ ప్రిన్సిపాల్‌తో మాట్లాడతా” అన్నాను.

“వద్దు నాన్నా. నువ్వొచ్చి అడిగావంటే అందరూ నా మొహమే చూస్తారు. ఊరుకో.”

ఊరుకోవడం నాకు వచ్చినంత బాగా ఎవరికీ రాదని దానికి తెలియదు. బాటిల్ మూత తీసి దాని చేతికిచ్చాను. ఇంటికొచ్చాక ఏ భయమూ లేదు కాబట్టి, ఆగకుండా సగం దాకా తాగింది.

గురువారానికి సెలవు పెట్టాను. నాలుగింటికి దాని బడి గేటు దగ్గర నిలబడాలి.